దేవుడి గూట్లో ఉండిపోయిన మిషన్

2023 వేసవి. అనకాపల్లిలో ధాన్యం కొట్లున్న ఒక వీధిలో, మేడ మీద గది అద్దెకు తీసుకుని పిల్లలకు స్పీచ్ థెరపీ చేస్తున్నాను. కింద కలాసీలు లారీ మీంచి బస్తా పడేస్తే పైన నా బల్ల మీద గ్లాసులో నీళ్లు కదిలేవి. వినికిడి లోపమున్న పిల్లలకు ఇలాంటి చోటు పనికిరాదని నాకు తెలియక కాదు. బస్సు దిగిన పల్లెల వాళ్లు నడిచి రాగలిగిన గది అదొక్కటే దొరికింది. అందుకని కిటికీలకి పాత బొంతలు బిగించి, గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాను. "మేడంగారు కోళ్లఫారం ఎడతన్నారేటి?" అని కింద కొట్టు శెట్టిగారు ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉంటారు.

నా పనేమిటో చెబితే చాలామంది, "ఓహో, చిలక్కి నేర్పినట్టన్నమాట" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. చిలక్కి నాలుగు మాటలు వస్తే చాలు, పిల్లకి బతకడానికి సరిపడా రావాలి. మామూలు పిల్లలకి చాలా మాటలు ఎవరూ నేర్పరు. వంటింట్లో అమ్మా అత్తా గొణుక్కుంటుంటే, అరుగు మీద పెద్దవాళ్లు ఊసులాడుకుంటుంటే, ఆడుకుంటున్న పిల్లల చెవిన అవి పడిపోతుంటాయి. ఎవరు అలిగారో, ఎవరికి జబ్బు చేసిందో, ఎవరు పోయారో వాళ్లకి అలాగే తెలుస్తుంది. వినికిడి లోపమున్న పిల్లలకి అలా చెవిన పడేది తక్కువ. ఎదురుగా కూర్చుని వాళ్లకి చెబితేనే చెప్పినట్టు. పక్కవాళ్లతో అన్నది వాళ్ల దాకా రాదు. చదువుకునేటప్పుడే నాకు ఈ సంగతి చెప్పారు. అది ఎంత దూరం పోతుందో భవ్య దగ్గర చూశాను.

భవ్యది మునగపాక మండలంలో ఒక పల్లె. తండ్రి అప్పలరాజు చెరకు రైతు. తల్లి వరలక్ష్మి ఒక కంపెనీలో కుట్టుపనికి వెళుతుంది, తెల్లవారకముందే కంపెనీ బస్సు వచ్చి ఎక్కించుకుపోతుంది. పిల్లకి పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు. ప్రభుత్వ పథకం కింద విశాఖపట్నంలో కాక్లియర్ ఇంప్లాంట్ చేశారు. అంటే లోపలి చెవిలోకి ఆపరేషన్ చేసి సన్నటి తీగ పంపిస్తారు. బయట చెవికి తగిలించే చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాని వైరు చివర రూపాయి బిళ్లంత కాయిల్ అయస్కాంతంతో తలకి అతుక్కుంటుంది. ఊళ్లో దీనంతటికీ కలిపి ఒకటే పేరు, మిషన్. వాళ్ల నోట్లో మిసను. అది తల మీద ఉంటే పిల్లకి లోకం వినపడుతుంది. తీస్తే పక్కన పిడుగు పడినా వినపడదు.

థెరపీకి పిల్లని తీసుకొచ్చేది నాయనమ్మ నూకాలమ్మ. పిల్లకి మామ్మ. అరవై దాటిన మనిషి, గట్టి గొంతు. మొదటిరోజు మెట్లెక్కి ఆయాసపడుతూనే అడిగింది.

"మేడమ్మా, ఈ గుంటకి మాటలు ఎన్నాళ్లకొత్తాయి?"

"నేను నేర్పితే రావమ్మా. మీరు ఇంట్లో రోజంతా దాంతో మాట్లాడుతూ ఉంటే వస్తాయి."

"రోజంతానా? ఓలమ్మా! నేను నోరు మూయట్లేదనే కదా మాయాయన తెల్లారకుండా పొలం ఎల్లిపోయీవోడు!"

నాకు నవ్వాగలేదు. ఈ పిల్ల అదృష్టవంతురాలని ఆ క్షణమే అనుకున్నాను. మా పనిలో బొమ్మలూ కార్డులూ తర్వాత. ఇంట్లో అలుపు లేకుండా మాట్లాడే మనిషి ఒకరుండాలి.

అలాగని మా ఇద్దరికీ పొసిగిందనుకోకండి. చిన్న వాక్యం చెప్పండి, చెప్పి ఆగండి, పిల్ల జవాబు కోసం చూడండి అనేదాన్ని. ఆవిడ అంట్లు తోముతూ మొదలుపెట్టి, పక్కింటి గేదె దాకా పోయి, వెనక్కి వచ్చేది. "ఆగమంటే ఆగరేమ్మా?" అని కసిరితే, "ఆగితే మరిసిపోతాను మేడమ్మా" అనేది. ఇద్దరికిద్దరమే, వారానికి రెండు పూటలు దెబ్బలాడుకునేవాళ్లం. పోనుపోను ఆగడం నేర్చుకుంది. "కుండ దింపుతున్నాను. ఏటి దింపుతున్నాను?" అని అడిగి, పెదాలు గట్టిగా బిగబట్టుకుని పిల్ల మొహంలోకి చూసేది. భవ్య మొదటి మాట మామ్మ. ఆ తర్వాత వచ్చినవన్నీ కూడా మామ్మ మాటలే. పిల్ల ఏమిటి అనదు, ఏటి అంటుంది. చూడు అనదు, సూడు అంటుంది. అచ్చం ఆ గొంతు విరుపే.

నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. మిషన్ తీసేముందు పిల్లకి చెప్పి తీయాలి. చెప్పకుండా పీకేస్తే లోకం ఒక్కసారిగా ఆగిపోయినట్టవుతుంది, పిల్ల బెదిరిపోతుంది. చాలామంది రెండురోజులు చెప్పి మానేస్తారు. నూకాలమ్మ ఒక్క రాత్రి కూడా మానలేదు. పడుకోబెట్టి, "తీసేత్తన్నానే తల్లీ. తెల్లారి మళ్లీ ఎడతాను" అని చెప్పి కాయిల్ తీసేది. తెల్లారాక పెట్టి, "ఎట్టేను. ఇనపడతందా?" అని అడిగేది. "ఇనపడతంది" అని పిల్ల అనాలి. అప్పుడు గాని పాలు ఇవ్వదు.

రాత్రిపూట మిషన్‌కి పట్టిన చెమట ఆరడానికి డ్రై బాక్స్ అని ఒక చిన్న డబ్బా ఇస్తారు. "దాన్ని ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగాను ఒకసారి.

"దేవుడి గూట్లో. మిగతా సోట్ల ఎలకలు మేడమ్మా. గూట్లో అయితే మాయింటిల్లిపాదీ తానం సేస్తే గానీ సెయ్యెట్టరు."

గోడలో చిన్న గూడు, అందులో దేవుళ్ల పటాలు, పసుపు కుంకాల భరిణెలు, వాటి పక్కన మా డబ్బా. భలే చోటు అన్నాను. మిగతా ఇళ్లలో అది టీవీ వెనకా, పోపుల డబ్బాల మధ్యా దొర్లుతుంటుంది.

ఆవిడ కూతురిది కె.కోటపాడు. అప్పుడప్పుడు వెళ్లి నాలుగు రోజులుండి వచ్చేది. వెళితే థెరపీ ఆగకూడదని సాయంత్రం ఫోన్ చేయమన్నాను. తండ్రి ఫోన్‌ని పిల్ల మిషన్ దగ్గర పెట్టేవాడు. "బవ్యా, ఏటి తిన్నావే?" అని అవతల నుంచి మామ్మ. "అన్నం" అని ఇవతల నుంచి పిల్ల. ఫోన్లో మాట పట్టుకోవడం ఇంప్లాంట్ పిల్లలకి చాలా కష్టం. పెదాలు కనపడవు కదా. మామ్మ గొంతు గనక భవ్య పట్టుకుంది.

ఒకరోజు ఇద్దరూ ఆలస్యంగా వచ్చారు. ఇంట్లో కోడిపిల్ల చచ్చిపోయిందట. భవ్య దాన్ని పదేపదే నిలబెడుతూ, నూకలు పెడుతూ కదలనంటే కదల్లేదట. "ఏటి సెయ్యను మరి? సచ్చిపోనాది, ఇంక లెగదు, అరవదు అని సెప్పేసేను" అంది నూకాలమ్మ. నేను పిల్ల వైపు తిరిగి, "కోడిపిల్లకి ఏమైంది?" అని అడిగాను. భవ్య నా మొహంలోకి చూసి, ఆగి ఆగి, "పిల్ల లెగదు. అరవదు" అంది.

అప్పటిదాకా పిల్ల విడివిడి మాటలే. రెండు వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టడం అదే మొదలు. నేను చప్పట్లు కొట్టేశాను. నూకాలమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద శెట్టిగారి కొట్లోంచి బెల్లం ముక్క తెప్పించి అందరి నోట్లోనూ పెట్టాను. చచ్చిపోయిన కోడిపిల్ల పేరు మీద పండగ చేసుకున్నాం ఆరోజు. తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

ఆ నెలాఖరు నుంచి వాళ్లు రావడం మానేశారు. ఫోన్ చేస్తే మోగి ఆగిపోయేది. పొలం పనులేమో అనుకున్నాను. రెండు వారాలు దాటాక ఒక పొద్దున్న మెట్ల మీద అప్పలరాజు కనిపించాడు, చంకలో భవ్య. అతని తల నున్నగా గొరిగి ఉంది. తిరుపతి వెళ్లొచ్చారా అని అడగబోయి ఆ మొహం చూసి ఆగిపోయాను.

"మాయమ్మ పోనాది మేడం" అన్నాడు.

అంత గొంతు, అంత మనిషి! ఏమిటి, ఎప్పుడు అని నేను అడిగేలోపే అతను అది ముగిసిన విషయం అన్నట్టు పక్కన పెట్టి, వచ్చిన పని చెప్పాడు.

"మిసను పాడైపోనాది మేడం. గుంట ఎట్టుకోనంతంది. ఎడితే పీకేత్తంది. పాడైపోనాది, పాడైపోనాది అని అదే సెపుతంది. ఓపాలి సూడండి."

ముందు బ్యాటరీ చూశాను, బాగానే ఉంది. వైరు బాగుంది, కాయిల్ బాగుంది. పిల్లకి పెట్టి ఆరు శబ్దాల టెస్ట్ చేశాను. ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అని ఆరు శబ్దాలు. మాటల్లో వచ్చే సన్నటి శబ్దం నుంచి లావుపాటి శబ్దం దాకా అన్నీ వీటిలో వచ్చేస్తాయి. నా నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటే అంటాను. వినపడితే పిల్ల ఒక చింతగింజ గిన్నెలో వేయాలి. భవ్య వేసింది. అన్నిటికీ వేసింది. కొందరు పెద్దవాళ్లు కూడా తడబడే స్ శబ్దానికి కూడా వేసింది.

"తల్లీ, నా మాట వినపడుతోందా?"

"ఇనపడతంది."

"మరి మిషన్ బాగానే ఉంది కదా?"

తల అడ్డంగా ఊపింది. "పాడైపోనాది."

"ఎందుకు?"

"మామ్మ ఇనపడ్డంలేదు."

అప్పలరాజు మొహం తిప్పుకున్నాడు. నేను పిల్ల చేతికి ఇంకో గుప్పెడు చింతగింజలిచ్చి ఆడుకోమని, అతన్ని వరండాలోకి తీసుకెళ్లాను. అప్పుడు చెప్పాడు.

నూకాలమ్మ ఆ పొద్దున్నే కుళాయి దగ్గర కూలిపోయింది. బిందె కూడా నిండలేదట. పిల్ల ఇంకా నిద్ర లేవలేదు, చెవికి మిషన్ లేదు. అది దేవుడి గూట్లో ఉంది. ఇంట్లో చావు జరిగితే మైల కదా, గూటికి గుడ్డ కట్టేశారు. పెద్దకర్మ అయి ఇల్లు శుద్ధి చేసేదాకా ఎవరూ అక్కడ చెయ్యి పెట్టకూడదు. ఒకటి రెండుసార్లు వరలక్ష్మి తీస్తానందట. కోటపాడు నుంచి వచ్చిన ఆడపడుచు ఒప్పుకోలేదు.

"మాయప్ప ఏటన్నాదంటే... పుట్టినకాణ్నించీ ఇనపడకుండానే ఉన్నాది కదా, నాలుగ్రోజులు ఇనపడకపోతే ఏటయిపోద్ది అన్నాది. నేను కూడా మేడం, ఆ ఏడుపులు గుంట ఇనకపోడమే మంచిదనుకున్నాను."

నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. ఆ మనిషి మీద అరవడానికి నోరు తెరిచాను కూడా. గొరిగిన తల చూసి మింగేశాను. వాళ్లు పిల్లకి చెడు చేద్దామని చేయలేదు. తల్లి పోయిన ఇంట్లో మైలలో దేవుణ్ని ముట్టుకోకూడదన్నది వాళ్లకి ఊపిరి పీల్చినంత మామూలు సంగతి. ఆ గుడ్డ వెనక పిల్ల చెవులు కూడా ఉండిపోయాయన్నది ఆ గొడవలో ఎవరికీ తట్టలేదు.

"మరి మామ్మ ఏదని అడిగితే ఏం చెప్పారు?"

"అప్పటికేటీ అడగలేదండి. మిసనెట్టేక అడిగింది. కోటపాడు ఎల్లిందని సెప్పేం."

నాకు అప్పుడు తెలిసింది. ఆ పిల్ల లేచేసరికి ఇంటినిండా జనం. నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, ఒక్కరి మాటా లేదు. మామ్మని వాకిట్లో పడుకోబెట్టారు, పసుపు రాశారు, పూలు వేశారు, ఎత్తుకుపోయారు. పిల్ల చూసింది. ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పినా వినపడదు. చాలారోజుల తర్వాత మిషన్ పెట్టారు. అందరి గొంతులూ వచ్చాయి గాని మామ్మ గొంతు రాలేదు. కోటపాడు వెళ్లిందన్నారు. కోటపాడు వెళితే మామ్మ సాయంత్రం ఫోన్లో మాట్లాడుతుంది. ఇప్పుడు ఫోన్లో కూడా లేదు. అయితే పాడైంది మిషనే. నాలుగేళ్లు నిండని పిల్ల అంతకన్నా బాగా ఎలా ఆలోచిస్తుంది!

"రాజూ, పిల్లకి నిజం చెప్పాలి" అన్నాను.

"సిన్నపిల్ల మేడం!"

"చిన్నపిల్లే. ఊళ్లో ఉన్న చిన్నపిల్లలందరికీ మీ అమ్మ పోయిందని తెలుసా, తెలీదా? ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా వాళ్లకి? విన్నారు. మీ పిల్ల ఒక్కతే వినలేదు."

"నా వల్ల కాదండి" అని పిల్లని ఎత్తుకుని దిగిపోయాడు. ఆ పూట ఇంకో ఇద్దరు పిల్లలకి థెరపీ ఉంది. ఏం చేశానో, ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంప్లాంట్ పెట్టినంత మాత్రాన పిల్ల వినేయదు. మెదడుకి ఆ శబ్దం రోజూ అందాలి, మేలుకున్నంతసేపూ అందాలి. మానేస్తే నేర్చుకున్నది జారిపోతుంది. ఈ వయసులో జారిపోయినదాన్ని తర్వాత వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. భవ్య మిషన్ పెట్టుకోకపోతే మామ్మ నేర్పిన మాటలన్నీ మామ్మ వెనకే పోతాయి. నాకు పట్టుకున్న భయం అదే.

ఆ తర్వాత వరలక్ష్మి ఒక్కతే వచ్చింది, సెలవు పెట్టుకుని. అంతకుముందు ఆవిడని సరిగ్గా చూసింది కూడా లేదు. బక్కపల్చటి మనిషి, నేల చూపులు.

"ఫోను తెచ్చుకుని మిసనుకి ఆనించుకుని కూకుంటాది మేడం. మామ్మా, మామ్మా అని పిలుత్తాది. పలకట్లేదని మిసను తీసేసి, తీసుకెళ్లి దేవుడి గూట్లో ఎట్టేత్తాది. పాడైపోయిన సామాను ఎట్టినట్టు." కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకు అత్తలాగ మాటాడ్డం రాదండి. నేను జీతం తెచ్చేదాన్ని, అత్త మాటాడేది. అలా ఒప్పుకున్నాం మేమిద్దరం."

"చెప్పడం ఇష్టమేనా మీకు?"

"మాయాయన వొద్దంతన్నాడు. మా వొదిన సూస్తే, సిన్నపిల్ల కాడ సావు మాట ఎత్తకూడదంతంది."

నాకు చిర్రెత్తింది. "మీ వదినగారు వచ్చి పిల్లకి మాటలు నేర్పుతారా? ఆవిణ్నే రమ్మనండి, నాకు పని తగ్గుతుంది!" అనేశాను. పాపం, ఆ అమ్మాయి మీద అరవాల్సిన మాట కాదది. వరలక్ష్మి నన్ను మొదటిసారి తలెత్తి చూసింది. "రేపు తీసుకొత్తాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. మొగుణ్ని ఎలా ఒప్పించిందో నేను అడగలేదు. కింద లారీ దింపుతున్నారు. మెట్ల మీద నిలబడి, "శెట్టిగారూ, ఒక్క పావుగంట బస్తాలు ఆపించండి" అని కేక వేశాను. ఎందుకని ఆయన అడగలేదు. వీధి అలా నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

ఏ మాటలతో చెప్పాలన్నది ముందే మాట్లాడుకున్నాం. నిద్రపోయింది అనొద్దన్నాను, పిల్ల రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. ఊరెళ్లింది అంటే ఎదురు చూస్తూనే ఉంటుంది. దేవుడు తీసుకెళ్లాడనొద్దు. పిల్లకి తెలిసిన మాట ఒకటే ఉంది, అది మామ్మే నేర్పింది.

వరలక్ష్మి కింద చాప మీద కూర్చుని పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కాయిల్ పెట్టింది. అప్పలరాజు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బవ్యా, అమ్మ మాట ఇను. మామ్మ కోటపాడు ఎల్లలేదు. మామ్మ సచ్చిపోనాది."

పిల్ల అమ్మ పెదాల వైపు చూసింది. గోడ దగ్గర తండ్రి వైపు చూసింది. మళ్లీ అమ్మ వైపు.

"కోడిపిల్ల?"

"అవునమ్మా. కోడిపిల్లలాగే."

"లెగదు?"

"లెగదు."

"అరవదు?"

"అరవదు తల్లీ."

ఇంకేమీ అడగదనుకున్నాను. "ఫోను?" అంది.

"ఫోన్లో కూడా మాటాడదు. మిసను పాడవ్వలేదు బంగారం. మిసను బాగానే ఉంది."

భవ్య చెయ్యి పైకెత్తి కాయిల్ పట్టుకుంది. వారం రోజులుగా పీకేస్తున్న చెయ్యే అది. ఈసారి పీకలేదు. అమ్మ మొహంలోకి చూస్తూ, "తీసేత్తన్నాను. తెల్లారి ఎడతాను" అంది. అచ్చం ఆ గొంతు విరుపే. చెప్పి తీసింది. తీసి అమ్మ ఒళ్లో పెట్టింది.

అప్పుడు ఏడ్చింది. వినపడని పిల్లల ఏడుపుకి కొలత ఉండదు, ఎంత పైకి పోతోందో వాళ్లకి తెలియదు కదా. బొంతలూ గుడ్ల అట్టలూ దాటి వీధిలోకి వినపడి ఉంటుంది. అప్పలరాజు వచ్చి పిల్లని తన గుండెకి అదుముకున్నాడు. "మళ్లీ ఎట్టమంతారా మేడం?" అన్నాడు ఏడుస్తూనే. "వద్దు. చెప్పే తీసింది కదా" అన్నాను. నేను కూడా ఏడ్చాను. థెరపిస్టులు క్లయింట్ల ముందు ఏడవకూడదని మాకు చదువులో చెబుతారు.

మర్నాడు పొద్దున్నే వరలక్ష్మి ఫోన్ చేసింది. పిల్ల లేచి, గూట్లోంచి డబ్బా తనే తెచ్చుకుందట. మిషన్ పెట్టుకుని, "ఎట్టేను" అని చెప్పి, పాల గ్లాసు దగ్గర నిలబడి చూస్తూ ఉందట. "నాకేటీ తోచలేదు మేడం. పాలు తాగవే అన్నాను. తాగదే! ఆఖరికి అదే, ఇనపడతందా అని అడుక్కుని, ఇనపడతంది అని అదే సెప్పుకుని, అప్పుడు తాగింది." ఫోన్లో ఇంకా ఏదో చెబుతోంది గాని నాకు వినపడలేదు.

ఇక్కడితో అంతా బాగుపడిందని చెప్పాలనే ఉంది. చెప్పలేను. భవ్య మిషన్ మళ్లీ వదల్లేదు, అది నిజం. ఇప్పుడు ఊళ్లో బడికి వెళుతోంది. కానీ తనతో పాటు ఆపరేషన్ అయిన పిల్లలు కథలు చెబుతుంటే, ఇది ఇంకా అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. వరలక్ష్మి షిఫ్టు మార్చుకుని శక్తికొద్దీ మాట్లాడుతుంది. అప్పలరాజు పొలం నుంచి వచ్చి బెల్లం గురించీ ఎద్దుల గురించీ పిల్లకి చెబుతాడు. ఎంత చెప్పినా అలుపు లేకుండా మాట్లాడే ఆ మనిషి మళ్లీ ఆ ఇంటికి రాదు. ఆ లోటు నా థెరపీ పూడ్చలేదు. మిషన్ మాత్రం ఇప్పుడు గూట్లో లేదు. మంచం పక్కన గోడకి మేకు కొట్టి, సంచిలో వేలాడదీశారు. ఆ మేకు కొట్టింది ఆ కోటపాడు అత్తేనట.

నూకాలమ్మ కథ నాకు ఒకటి నేర్పింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతి ఇంటివాళ్లకీ మొదటిరోజే, పండ్ల పేర్లూ జంతువుల పేర్లూ చెప్పకముందే, దాన్ని చెబుతాను. "శుభమా అని వస్తే అపశకునం మాటలేటి మేడమ్మా" అని మొహం మాడ్చుకుని వెళ్లిపోయిన వాళ్లున్నారు. వెళితే వెళ్లారు, నేను మానను. మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా జరిగితే, అది ఏ రోజైనా సరే, ఇంట్లో ఎవరెలా ఉన్నా సరే, ముందు పిల్లకి మిషన్ పెట్టండి. పెట్టి, జరిగింది చెప్పండి. తర్వాత అందరూ కలిసి ఏడవండి.